మైకు ముందు అన్న మాట మా షిఫ్టు దాకా వస్తుంది

న్యూజిలాండ్‌లో ఏ టీవీ యాంకరో రేడియో హోస్టో నోరు పారేసుకున్న ప్రతిసారీ ఒకటే చర్చ నడుస్తుంది, ఆ మనిషి రేసిస్టా కాదా అని. ఆయన్ని ఎరిగినవాళ్లు ముందుకొచ్చి చాలా మంచివాడండీ, మనసులో ఏమీ పెట్టుకోడు, ఏదో సరదాకి అన్నాడు అంటారు. ఎదుటివాళ్లు కాదు, ముమ్మాటికీ రేసిస్టే అంటారు. వారం తిరిగేసరికి ఇద్దరూ అలిసిపోతారు, అన్న మాట ఏమిటో, అది ఎవరికి తగిలిందో పక్కకి పోతుంది. చాలా ఏళ్లుగా ఇక్కడ పని చేస్తున్నవాడిగా చెప్తున్నాను, ఆ చర్చ మొదలే తప్పు. ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు, తెలుసుకునే దారీ లేదు. ఆ మాట మర్నాడు పొద్దున నేను పని చేసే చోటికి ఎలా వస్తుంది, వచ్చాక ఎవరు నవ్వుతారు, ఎవరు తల దించుకుని పని చూసుకోవాలి, నాకు కావాల్సింది అది.

2010 సంగతి చెప్తాను. అప్పటికి నేను వచ్చి ఎక్కువ కాలం కాలేదు, ఆక్లాండ్‌లో ఒక గోడౌన్‌లో ఆర్డర్లు ప్యాక్ చేసే పని. ఢిల్లీ కామన్వెల్త్ గేమ్స్ ఏర్పాట్ల గురించి రోజూ వార్తలు వస్తున్న రోజులు. ప్రభుత్వ చానెల్ టీవీఎన్‌జెడ్‌లో పొద్దున వచ్చే బ్రేక్‌ఫాస్ట్ షోకి పాల్ హెన్రీ హోస్టు. ఆయన అప్పటి ఢిల్లీ ముఖ్యమంత్రి షీలా దీక్షిత్ ఇంటిపేరును ఇంగ్లీషు బూతులాగా పలికి పడీపడీ నవ్వాడు. అక్కడితో ఆగినా ఏదోలే అనుకునేవాళ్లేమో, ఆవిడ ఇండియన్ కాబట్టి ఆ పేరు సరిగ్గా సరిపోయింది అని కూడా అన్నాడు. అదే రోజుల్లో, అక్టోబర్ 4న, ప్రధానమంత్రి జాన్ కీ స్టూడియోలో కూర్చుని ఉండగా, దేశంలో రాణి ప్రతినిధిగా ఉన్న గవర్నర్ జనరల్ సర్ ఆనంద్ సత్యానంద్ గురించి హెన్రీ అడిగాడు: అసలు ఆయన న్యూజిలాండరేనా, ఈసారైనా చూడ్డానికీ వినడానికీ న్యూజిలాండర్‌లా ఉండే మనిషిని పెడతారా అని. ఆయన ఇక్కడే పుట్టాడు కదా అని ప్రధాని జవాబిచ్చాడు. నిజమే, సత్యానంద్ 1944లో ఆక్లాండ్‌లోనే పుట్టారు, తల్లిదండ్రులు ఫిజీ నుంచి వచ్చిన ఇండియన్లు.

తర్వాత జరిగింది కూడా గుర్తుపెట్టుకోవాలి. చానెల్ ప్రతినిధి మొదట ఏమన్నారంటే, మనమంతా లోలోపల అనుకుంటూ పైకి అనడానికి భయపడే మాటల్ని ఆయన పైకి అంటాడు, ప్రేక్షకులకి ఆయనంటే ఇష్టం అందుకే అని. గొడవ పెరిగాక క్షమాపణలు వచ్చాయి, హెన్రీని సస్పెండ్ చేశారు, ఢిల్లీలో న్యూజిలాండ్ హైకమిషనర్‌ని మన విదేశాంగ శాఖ పిలిపించుకుంది, అక్టోబర్ 10న హెన్రీ రాజీనామా చేశాడు. అందరికీ గుర్తున్నది ఆ రాజీనామా. నాకు మాత్రం ఆ ప్రతినిధి మాటే ఎక్కువ గుచ్చుకుంది. హోస్టు నోరు జారాడని సరిపెట్టుకోవచ్చు, ఆఫీసులో కూర్చుని ఆలోచించి చెప్పిన జవాబు అలా ఉంటే ఏమని సరిపెట్టుకోవాలి? మనమంతా అంటే ఎవరు? ఆ మనమంతాలో టాక్సు కడుతున్న నేను ఉన్నానా?

మా గోడౌన్‌లో టీ బ్రేక్‌ని అందరిలాగే స్మోకో అనేవాళ్లు. ఆ రూములో ఒక టీవీ, గోడకి వైట్‌బోర్డు, దాని మీద ఆ వారం రోస్టర్. ఆ క్లిప్పు ఎన్నిసార్లు వేశారో, మావాళ్లు ఎన్నిసార్లు నవ్వారో లెక్కలేదు. అప్పటిదాకా రోస్టర్ చదివే అతను మా పేర్లను తనకి వచ్చినట్టు పలికి ముందుకు పోయేవాడు, ఎవరికీ బాధ ఉండేది కాదు. ఆ వారం నుంచి ఇండియన్ పేరు వచ్చినప్పుడల్లా ఆగి, టీవీలో వినిపించిన ఆ సాగదీతతోనే పలికి, చుట్టూ చూసి నవ్వు వచ్చేదాకా ఆగేవాడు. అతను చెడ్డవాడు కాడు, ఈ మాట మనస్ఫూర్తిగానే అంటున్నాను, బస్సు తప్పిపోతే తన కారులో ఇంటి దాకా దింపి వెళ్లేవాడు. అలాంటివాడికి కూడా, టీవీలో పెద్దమనిషి చేసింది మనం చేస్తే తప్పేముంది అన్న ధైర్యం ఆ షో ఇచ్చింది. మాతో పని చేసే ఒక అమ్మాయి సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి బోర్డు మీద తన ఇంటిపేరు తీసెయ్యమని అడిగింది. కారణం చెప్పలేదు, ఆయనా అడగలేదు. బోర్డు మీద ఆ సగం పేరు చెరిపేసి ఉండటం నేను రోజూ చూసేవాణ్ణి.

ఫిజీ నుంచి వచ్చిన ఒక పెద్దాయన మాతో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. దీక్షిత్ జోకుకి ఆయన కూడా నలుగురితో పాటు కొంచెం నవ్వాడు. గవర్నర్ జనరల్ మాట వచ్చినప్పుడు మాత్రం కప్పు కింద పెట్టేశాడు. "జడ్జి చేశాడు, అంబుడ్స్‌మన్ చేశాడు, రాణి తరఫున కూర్చున్నాడు. ఇంకేం చేస్తే ఒప్పుకుంటారు? నా పిల్లలు ఇక్కడే పుట్టారు, వాళ్లకి నేనేం చెప్పుకోవాలి?" అన్నాడు. నేను ఈ విషయంలో ఎప్పుడూ ఆయన పక్షమే. పేరుని వెక్కిరిస్తే అవమానం, అది ఒక రోజో ఒక వారమో ఉంటుంది. నువ్వు ఇక్కడివాడివి కావు, ఇక్కడే పుట్టినా ఎప్పటికీ కావు అనడం దానికన్నా చాలా పెద్దది, అందులో ఒక్క బూతు కూడా లేకపోవచ్చు, ఎంతో మర్యాదగా ప్రశ్నలాగా అడగొచ్చు. ఇది రేసిజమా కాదా అని తేల్చడానికి బూతుల కోసం వెతికేవాళ్లు ఇలాంటి మాటల్ని అందుకే వదిలేస్తుంటారు.

మరి మీరంతా ఏం చేశారు అని అడగొచ్చు. ఏమీ చెయ్యలేదు. మాకన్నా ముందొచ్చిన తెలుగాయన ఒకరు ఉండేవారు, నన్ను సొంత తమ్ముడిలా చూసేవారు. "వదిలెయ్ తమ్ముడూ, వీసా మీద కంపెనీ పేరుంది, గొడవ పెట్టుకుని ఎక్కడికి పోతాం" అన్నారు. "అన్నా, చట్టం ఉంది కదా" అంటే, "చట్టం ఉంటుంది, ఉద్యోగం ఉండొద్దూ" అన్నారు. ఆయన్ని పిరికివాడు అని ఎవరైనా అంటే నేను ఊరుకోను. వర్క్ వీసాలో యజమాని పేరు రాసి ఉన్నప్పుడు, ఆ ఉద్యోగం పోతే దేశంలో ఉండే హక్కు కూడా కదిలిపోతుంది, ఆ టెన్షన్ పడ్డవాళ్లకే తెలుస్తుంది. ఎవరూ కంప్లయింట్ చెయ్యలేదు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు అని చానెళ్లూ కంపెనీలూ అనుకోవడంలో ఉన్న పెద్ద పొరపాటు ఇదే.

ధైర్యం చేసినవాళ్ల గురించి తెలిసింది మా షిఫ్టు లీడ్ నుంచి. ఆవిడ మావోరీ, అంటే ఈ దేశపు మూలవాసి. రోస్టర్ సంగతి ఒకరోజు ఆవిడే ఆపించింది, అరవకుండా, "పేరు చదువు, ముందుకెళ్లు" అని ఒక్క మాటతో. తర్వాత నాకు 1984 నాటి కథ చెప్పింది. ఆక్లాండ్‌లో నైడా గ్లావిష్ అనే మావోరీ టెలిఫోన్ ఆపరేటర్ ఫోన్ ఎత్తగానే తన భాషలో కియా ఓరా అని పలకరించేది. అలా అనకూడదు, ఇంగ్లీషులోనే పలకరించాలి అని సూపర్‌వైజర్ అన్నాడు, ఆవిడ ఒప్పుకోలేదు. ఉద్యోగం మీదికొచ్చింది. దేశమంతా దాని మీద మాట్లాడింది, చివరికి అప్పట్లో టెలిఫోన్లు నడిపే పోస్టాఫీసు వెనక్కి తగ్గింది. మూడేళ్ల తర్వాత, 1987లో, మావోరీ అధికార భాష అయింది. ఇప్పుడు టీవీ వార్తలు మొదలయ్యేదే ఆ పలకరింపుతో. అయినా అది నచ్చనివాళ్లు ఫిర్యాదులు పంపుతూనే ఉంటే, 2021లో టీవీ, రేడియోల మీద ఫిర్యాదులు చూసే బ్రాడ్‌కాస్టింగ్ స్టాండర్డ్స్ అథారిటీ, అందరూ బీఎస్‌ఏ అంటారు, మావోరీ భాష వాడటం మీద వచ్చే ఫిర్యాదులు ఇక తీసుకోం, అది ప్రమాణాల సమస్యే కాదు అని తేల్చి చెప్పేసింది. ఉద్యోగం పోయేంత నేరం అనుకున్న మాట మామూలు పలకరింపు అయిపోయింది. భాషా మర్యాదలు మారిపోతున్నాయి, ఏం మాట్లాడాలన్నా భయం అని బాధపడేవాళ్లకి నేను ఈ కథే చెప్తాను. మర్యాదలు వాటంతటవే మారవు, జీతం పణంగా పెట్టి ఎవరో ఒకరు పట్టుబడితే మారతాయి.

బ్రాడ్‌కాస్టర్ల విషయంలో మార్పు ఎంత వచ్చిందో చూడాలంటే మూడు సంవత్సరాలు పక్కపక్కన పెడితే చాలు. 2003లో పాల్ హోమ్స్ అనే పేరున్న హోస్టు న్యూస్‌టాక్ జెడ్‌బీ రేడియోలో ఐక్యరాజ్యసమితి సెక్రటరీ జనరల్ కోఫీ అన్నన్‌ని రంగు పేరుతో కించపరుస్తూ మాట్లాడాడు. ఒక స్పాన్సర్ వెళ్లిపోయింది, ఆయన క్షమాపణ చెప్పాడు, ఉద్యోగం మాత్రం ఉంది. 2010లో హెన్రీ రాజీనామా దాకా వెళ్లింది. 2021 జనవరిలో మ్యాజిక్ టాక్ రేడియోలో, వేరే హోస్టు సెలవులో ఉండగా కూర్చున్న మాజీ ఆక్లాండ్ మేయర్ జాన్ బ్యాంక్స్, మావోరీలది రాతియుగం నాటి సంస్కృతి అన్న ఒక కాలర్‌కి వంత పాడాడు, వెంటనే కంపెనీలు ప్రకటనలు వెనక్కి తీసుకున్నాయి, ఆయన్నీ పంపించేశారు. జనం మారారా, ప్రకటనల డబ్బుకి భయపడ్డారా అంటే రెండూ ఉన్నాయి. డబ్బు భయం వల్ల వచ్చినా నాకు అభ్యంతరం లేదు, పొద్దున్నే రేడియో పెట్టుకుని వ్యాన్ నడిపే మావోరీ డ్రైవరుకి ఆ మాట వినపడకపోతే అదే మేలు. బీఎస్‌ఏ ఏళ్ల తరబడి చేయిస్తున్న సర్వేల్లో కూడా ఇదే కనిపిస్తుంది. మామూలు బూతుల మీద జనానికి పట్టింపు తగ్గుతోంది, జాతిని అవమానించే మాటల మీద అభ్యంతరం గట్టిపడుతోంది.

అయితే మనసు నొప్పించిన ప్రతి మాటా చట్టం ముందు తప్పు కాదు, ఇది మనవాళ్లలో చాలామందికి తెలియదు. బీఎస్‌ఏ ప్రమాణాల్లో వివక్ష, కించపరచడం అని ఒకటి ఉంది, కానీ అది ఒక వర్గం జనం గురించి, ఒక్క మనిషిని అన్న మాటకి వర్తించదు. పైగా ఆ మాటలో గట్టి నింద, చాలాసార్లు దాంతో పాటు దురుద్దేశం కూడా ఉంటేనే ఉల్లంఘన అంటారు. 1993 నాటి మానవ హక్కుల చట్టంలో, జాతి పేరుతో జనం మీద ద్వేషం రెచ్చగొట్టే మాటల గురించిన 61వ సెక్షన్ కింద గెలవడం ఇంకా కష్టం. 2013లో స్కూళ్లలో ఉచిత అల్పాహారం మీద వేసిన రెండు కార్టూన్లు మావోరీ, పసిఫిక్ జనాన్ని కించపరిచాయని అప్పటి ఎంపీ లూయిసా వాల్ కేసు వేస్తే, 2017లో ట్రిబ్యునల్ అవి అవమానకరమే గానీ చట్టవిరుద్ధం కాదంది, మరుసటి ఏడాది హైకోర్టు కూడా అదే అంది.

ఆ గీత అంత ఎత్తున ఉండటం నాకు నచ్చదు, అయినా ఎందుకుందో అర్థమవుతుంది. ప్రభుత్వం చేతికి మాటల్ని శిక్షించే అధికారం ఎక్కువగా ఇస్తే మొదట దెబ్బ తినేది మనలాంటివాళ్లే కావచ్చు. కానీ కోర్టు తప్పు కాదన్నది కాబట్టి అది రేసిజం కాదు అని వాదించేవాళ్లతో మాత్రం నేను ఏకీభవించను. చట్టం చూసేది శిక్ష వెయ్యాలా వద్దా అని. ఒక మాట కొంతమందిని వాళ్ల పుట్టుక కారణంగా తక్కువ చేస్తోందా అనేది వేరే ప్రశ్న, దానికి జవాబు రోస్టర్ బోర్డు ముందు నిలబడ్డవాళ్లకి బాగా తెలుసు.

ఇంకో మాట అనకపోతే నాకు మనశ్శాంతి ఉండదు. మన పేర్లని వెక్కిరిస్తే భగ్గుమనే మనవాళ్లే, తెలుగులో మాట్లాడుకుంటున్నాం కదా ఎవరికి అర్థమవుతుందిలే అని మావోరీల గురించి, పసిఫిక్ దీవుల వాళ్ల గురించి, వాళ్ల ఒళ్లు గురించి, రంగు గురించి నోటికొచ్చినట్టు అంటుంటారు. పార్టీల్లో పిల్లల ముందు అంటారు. మాకోసం ఆ రోజు నోరు విప్పింది ఒక మావోరీ ఆవిడ. 2023 జనాభా లెక్కల్లో ఈ దేశంలో ఇండియన్లు దాదాపు 2 లక్షల 92 వేల మంది, మూడో పెద్ద జనం మనమే. ఇకమీదట మన నోట వచ్చే మాట కూడా ఎవరో ఒకరి షిఫ్టు దాకా వెళ్తుంది.

ఈమధ్య మా దగ్గర కొత్తగా చేరిన ఒక కుర్రాడు రేడియోలో ఇండియన్ స్టూడెంట్ల గురించి విన్న మాటలు చెప్పి, ఏం చెయ్యాలి అన్నా అని అడిగాడు. ప్రోగ్రాం పేరు, తేదీ, టైము, అన్న మాట అన్నట్టుగా ముందు రాసిపెట్టుకోమన్నాను. ఫిర్యాదు మొదట ఆ స్టేషన్‌కే పంపాలి, ప్రసారమైన 20 పని దినాల లోపల. వాళ్ల జవాబు నచ్చకపోతే అప్పుడు బీఎస్‌ఏకి వెళ్లొచ్చు, దీనికి వీసాతో సంబంధం లేదు, యజమానికి చెప్పక్కర్లేదు. పనిచోట తోటివాళ్లు అదే మాట పట్టుకుని వేధిస్తే అది వేరే దారి, జాతిపరమైన వేధింపు కింద పర్సనల్ గ్రీవెన్స్, అంటే ఉద్యోగ చట్టం ప్రకారం యజమానికి ఇచ్చే ఫిర్యాదు, పెట్టాలి, దానికి గడువు 90 రోజులు. రేసిస్టు అని ఎక్కడా రాయొద్దు, ఏం అన్నాడో, దానివల్ల నీకేం జరిగిందో రాయి అన్నాను. ఇద్దరం కూర్చుని మొదటి ఉత్తరం స్మోకోలోనే రాశాం.