కట్టర్లు ఆగిన రోజు

నిన్న చీమకుర్తి వెళ్లాను. గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీ గేటు ఎదురుగా మా మామయ్య టీ కొట్టు. చిన్నప్పుడు సెలవులన్నీ అక్కడే. కట్టర్ల రొదలో గట్టిగా అరిచి మాట్లాడటం అలవాటై, మా ఇంట్లో ఇప్పటికీ అందరం గొంతు చించుకునే మాట్లాడతాం!

నిన్న మాత్రం ఆ రొద లేదు. ఆర్డర్లు లేక రెండు వారాలుగా మూత. పూటకి 200 టీలు పోసే మామయ్య 30 కూడా అమ్మలేదట. బీహార్, ఒడిశా కుర్రాళ్లు ఊళ్లకి వెళ్లిపోతే అద్దె గదులకి తాళాలు. లారీ మెకానిక్ గ్యారేజీలో క్యారమ్స్ ఆడుతున్నాడు. నల్లరాయిలో బంగారు చుక్కలుండే గెలాక్సీ గ్రానైట్‌కి చీమకుర్తి పెట్టింది పేరు, విదేశాలకీ వెళ్తుంది. అక్కడెక్కడో కొనేవాళ్లు తగ్గితే ఇక్కడ అరువు పుస్తకం లావెక్కుతుంది.

అత్తయ్య మాత్రం, "రెండు వారాల నుంచి దండెం మీద బట్టలకి దుమ్ము లేదు, తెలుసా?" అంది. అని, వెంటనే మామయ్య వైపు చూసి నాలుక కరుచుకుంది.

"సోమవారం తెరుస్తారంటున్నార్రా" అన్నాడు మామయ్య, ఖాళీ గ్లాసులే మళ్లీ కడుగుతూ.