నల్లరేగడి దారికి ఒక పాత సఫారీ: పది నెలల లెక్క

ఆగస్టు 2024

మా బత్తాయి తోట గుర్రంపోడు వైపు ఉంది. నల్లగొండ నుంచి తారు రోడ్డు ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. రోడ్డు దిగాక ఉన్న మూడు కిలోమీటర్లే కష్టం. సగం నల్లరేగడి, మిగతా సగం చెలక, మధ్యలో చిన్న వాగు. చెలక నేల వాన వెలిసిన గంటకే బండిని రానిస్తుంది. నల్లరేగడి అలా కాదు, ఒక గట్టి వాన పడితే మూడు రోజులు దారి లేనట్టే. పోయిన నెల అమ్మను తోట నుంచి ఆస్పత్రికి తేవడానికి పక్క చేను వాళ్ల ట్రాక్టరు పిలిచాం. ట్రాలీలో గడ్డి పరిచి, పైన దుప్పటి వేసి, మోకాళ్లు వంగని మనిషిని నలుగురం ఎత్తి కూర్చోబెట్టాం. నాలుగు చక్రాలూ లాగే బండి ఒకటి ఇంటికి తేవాలని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

చిట్టీ ఎత్తిన డబ్బు, పాత కారు అమ్మిన డబ్బు కలిపితే ఐదు లక్షలు. అప్పు చేయకూడదని నేనూ నా భార్యా ముందే అనుకున్నాం. పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నది ఒకటే: బండికి నాలుగు లక్షలు దాటకూడదు, మిగిలిన లక్ష బండి ఇంటికొచ్చాక పెట్టే ఖర్చుకు. ఆ లక్షను ముట్టుకోవాల్సిన బేరం ఎంత బాగున్నా వదిలేయాలి.

సెప్టెంబరు

మన వైపు తిరిగే స్కార్పియోలు, బొలెరోలు దాదాపు అన్నీ వెనక చక్రాలతో నడిచేవే. వెనక తలుపు మీద ఫోర్ బై ఫోర్ అని రాసి ఉన్నా నమ్మడానికి లేదు, ఆ స్టిక్కరు ఎవరైనా అంటించవచ్చు. వంగి కిందికి చూడాలి. గేర్‌బాక్స్‌ను ఆనుకుని మరో పెట్టె, అదే ట్రాన్స్‌ఫర్ కేసు, దాని నుంచి ముందు చక్రాల వైపు వెళ్లే షాఫ్టు కనిపించాలి. ఆర్‌సీలో మోడల్ పేరు కూడా చూసుకోవాలి.

మా ఐదుగురికి, మా డబ్బుకు సరిపడేవి చివరికి మూడే తేలాయి: స్కార్పియో, సఫారీ స్టార్మ్, డస్టర్. జిప్సీ అంటే నాకు చిన్నప్పటి నుంచి ఇష్టం. కానీ వెనక ఎదురెదురు బల్లల మీద అమ్మను కూర్చోబెట్టలేను. డస్టర్‌లో నాలుగు చక్రాల రకం 2014లో వచ్చింది. నడిపి చూశాను, తారు రోడ్డు మీద ఈ మూడింటిలో అదే హాయి. ఎక్కడానికీ తక్కువ ఎత్తు. దానికి 4ఎల్, అంటే నాలుగు చక్రాలనూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిప్పే స్థానం లేదు, మొదటి గేరునే బాగా పొట్టిగా ఇచ్చారు. మా బురదకు అదీ సరిపోయేదేమో. కానీ చూసిన బండికి టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో ఒక్క కాగితం లేదు. ఆ బెల్టు తెగితే ఇంజిన్ పోతుంది. వదిలేశాను.

ఈ నెలలోనే మరో భయం. సెప్టెంబరు 1 నాటి వానలకు ఖమ్మంలో, కోదాడలో ఎన్నో కార్లు నీట మునిగాయి. అవి తళతళలాడుతూ మళ్లీ అమ్మకానికి వస్తాయి. అందుకే ఏ బండి చూసినా ముందు సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగుతున్నాను. కనిపించే భాగం కడుగుతారు గానీ, లోపల చుట్టుకుని ఉండే ఆఖరి జానెడు కడగరు. అక్కడ మట్టి చార ఉంటే ఇక మాట అక్కర్లేదు. సీటు పట్టాల కింద తుప్పు, కార్పెట్ కింద సన్నని ఒండ్రు కూడా అదే చెబుతాయి.

అక్టోబరు

హైదరాబాద్‌లో పాత కార్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో 2011 స్కార్పియో, నాలుగు లక్షల పది వేలు. రంగు బాగుంది, సీట్ల కవర్లు కొత్తవి. నల్లగొండ నుంచి మా మెకానిక్ అన్నను వెంట తీసుకెళ్లాను. రోజు కూలి, భోజనం కలిపి రెండు వేలు ఇచ్చాను. ఈ పది నెలల్లో నేను పెట్టిన ఖర్చులన్నింటిలో ఇంత గట్టిగా ఫలితం ఇచ్చింది మరొకటి లేదు.

ఆయన చేసిన పరీక్షను వివరంగా రాస్తాను, ఎవరైనా చేసుకోవచ్చు. పక్కనున్న ఖాళీ స్థలంలో మెత్తటి మట్టి మీద నాబ్‌ను 4హెచ్‌కు, అంటే నాలుగు చక్రాలూ మామూలు వేగంతో లాగే స్థానానికి తిప్పి, దీపం నిలకడగా వెలిగేదాకా తిన్నగా కొద్ది దూరం నడిపి, అలాగే గట్టి నేల మీదికి తెచ్చి ఆపాడు. ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, ముందు ఎడమ చక్రాన్ని జాకీతో రెండు అంగుళాలు లేపాడు. 4హెచ్‌లో ముందు షాఫ్టు వెనక షాఫ్టుతో ముడిపడి ఉంటుంది. వెనక చక్రాలు నేల మీద కదలకుండా ఉన్నాయి కాబట్టి, గాలిలో ఉన్న ముందు చక్రాన్ని చేత్తో తిప్పితే కాస్త ఆడి ఆగిపోవాలి. ఈ స్కార్పియోలో దీపం వెలుగుతూనే ఉంది, చక్రం మాత్రం కుమ్మరి సారెలా తిరిగింది. అమ్మే అతను దీపం వైపు చూపించాడు. మెకానిక్ అన్న చక్రాన్ని ఇంకోసారి తిప్పాడు. ఇక ఎవరూ మాట్లాడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు చౌటుప్పల్ దగ్గర టీ తాగుతూ ఆయన చెప్పాడు: "సార్, ఊళ్లో తిరిగేవాళ్లు ఆ నాబ్‌ను పదేళ్లయినా ముట్టుకోరు. ముట్టుకోకపోతే లోపల అన్నీ పట్టేస్తాయి. మనం వాడిన బండి చూడాలి, దాచుకున్న బండి కాదు." అప్పటిదాకా నేను వెతికింది తక్కువ తిరిగిన, మెరిసే బండి కోసం. ఆ రోజు నుంచి వెతుకులాట తీరే మారిపోయింది.

నవంబరు

ఢిల్లీ బండ్లు చూపించారు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదనే నిబంధన అప్పట్లో ఉండేది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది, అందుకే ఇక్కడికి చవగ్గా వచ్చేవి. ధర వినడానికి బాగుంటుంది. కానీ అక్కడి నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం రావాలి, ఇక్కడ బండి వయసును బట్టి మళ్లీ లైఫ్ టాక్స్ కట్టాలి, అప్పటిదాకా బండి మన పేరున ఉండదు. బిగుతు డబ్బుతో దిగే పని కాదు ఇది.

డిసెంబరు

మహబూబ్‌నగర్‌లో దొరికింది. 2013 సఫారీ స్టార్మ్, నాలుగు చక్రాల రకం, ఏపీ 22 నంబరు, మొదటి నుంచీ ఒకే యజమాని. రీడింగు 1,38,000. ఎడమ తలుపు మీద పొడవాటి గీత, బానెట్ మీద ఎండకు వెలిసిన రంగు. పట్నంలో అయితే దీన్ని ఎవరూ రెండోసారి చూడరు.

ఇంజిన్ స్టార్ట్ చేయవద్దని ముందు రోజే ఫోనులో అడిగాను. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను, చల్లగా ఉంది. మొదటి సెల్ఫ్‌కే అందుకుంది, తెల్ల పొగ లేదు, నీలం పొగ లేదు. ఆయిల్ మూత విప్పి చూస్తే, అరిగిన ఇంజిన్‌లోలా గాలి ఎగదన్నడం లేదు. యజమాని నీటిపారుదల శాఖలో చేసి రిటైరైన పెద్దాయన, మక్తల్ వైపు కృష్ణ ఒడ్డున పొలం ఉంది. ఆయన లోపలికి వెళ్లి ఒక పాత డైరీ తెచ్చి నా చేతికిచ్చారు. ఆయిల్ మార్చిన ప్రతి తేదీ, రీడింగు, ఖర్చు నీలి సిరాతో రాసి ఉన్నాయి. వాటి మధ్య నెలకోసారి ఒక చిన్న పంక్తి: "4హెచ్, 4ఎల్ - సరి."

"ఇదేమిటండీ?" అని అడిగాను.

"నెలకోసారి చేనులో ఒక అర కిలోమీటరు అలా నడుపుతాను బాబూ, అవసరం లేకపోయినా. వాడని పనిముట్టు తుప్పు పడుతుంది కదా."

డైరీలో నూటికి పైగా అలాంటి పంక్తులు ఉన్నాయి. మెకానిక్ అన్న జాకీ పెట్టి తిప్పాడు. చక్రం వేలెడు కదిలి ఠక్కున ఆగింది. 2హెచ్‌కు, అంటే వెనక చక్రాలే లాగే స్థానానికి మార్చి చూస్తే తేలిగ్గా తిరిగింది. ఆ ఠక్కు చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది.

లోపాలు కూడా చూశాం. ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు పోయాయి, గతుకు వచ్చినప్పుడల్లా టక్ టక్ మంటోంది. షాఫ్టు క్రాస్ ఒకటి అరిగింది. టైరు పక్కన ఉండే నాలుగంకెల గుర్తు 3817, అంటే 2017లో 38వ వారం తయారీ. గాడి ఇంకా ఉంది గానీ ఏడేళ్ల రబ్బరు గట్టిపడిపోతుంది. ఆయన 4,25,000 అడిగారు. టైర్లు, బుష్‌ల ఖర్చును కాగితం మీద వేసి చూపించాను, దాచి బేరమాడలేదు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ప్రతి పంక్తీ చదివి 3,82,000కు ఒప్పుకున్నారు. డైరీ కూడా ఇచ్చారు.

జనవరి 2025

కాగితాలు. ఆర్‌సీ మీద ఫైనాన్స్ పేరు ఇంకా అలాగే ఉంది. పెద్దాయన అప్పు 2017లోనే తీర్చారు, ఆ పేరు తీయించలేదంతే. ఆ సంస్థ శాఖ ఇప్పుడు అక్కడ లేదు, ఎన్‌ఓసీ కోసం మూడు వారాలు తిరిగాం. ఎన్‌ఓసీ, ఆర్‌సీలో ఆ ఫైనాన్స్ పేరు తీయించే ఫారం 35 చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇచ్చాను, అంతకు ముందు ఇచ్చింది యాభై వేలే. తర్వాత యజమాని పేరు మార్పిడికి ఫారం 29, 30. అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలని చట్టం. బీమా మన పేరుకు మార్చమని 14 రోజుల్లో అడగాలి. పాత యజమాని నో క్లెయిమ్ తగ్గింపు మనకు రాదు, అది మనిషిది, బండిది కాదు. బీమా గడువు ముగుస్తోంది కాబట్టి కొత్తగా థర్డ్ పార్టీ తీసుకున్నాను: 1500 సీసీ పైబడిన కార్లకు అప్పటి రేటు 7,897, జీఎస్టీతో 9,318, నా ప్రమాద బీమా కలిపి 9,760. పెండింగ్ చలాన్లు రెండుంటే ఆయనే కట్టారు. కాగితాల ఖర్చంతా 4,300.

ఫిబ్రవరి, మార్చి

షెడ్డులో ఎనిమిది రోజులు. ఇంజిన్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు వెనక హౌసింగ్‌లు, అన్నింటి ఆయిలూ ఒకేసారి మార్పించాను, ఫిల్టర్లతో 15,400. బ్రేకులు 6,800. బుష్‌లు, బాల్ జాయింట్లు, అలైన్‌మెంట్ 21,500. క్రాస్ 2,300. మొత్తం 46,000. ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి దిగిన పాత ఆయిల్‌ను తెల్ల గుడ్డ మీద పోసి చూశాం, ఇనుప రజను లేదు. టైర్లు వానల ముందు మార్చవచ్చని వాయిదా వేశాను. అది తప్పని తర్వాత తెలిసింది.

8 జూన్ 2025

ఈసారి వానలు మే ఆఖరుకే వచ్చాయి. శనివారం రాత్రి తోట దగ్గర గట్టి వాన. ఆదివారం పొద్దున్నే బయల్దేరాను.

పైన ఎండిన పొర చూసి 2హెచ్‌లోనే దిగాను. వంద గజాల్లో నల్లమట్టి టైర్ల గాడుల్లో కూరుకుపోయి, టైరు గుండ్రటి మట్టి ముద్ద అయింది. స్టీరింగ్ కుడికి తిప్పితే బండి ఎడమకు జారింది. 4హెచ్ వేశాను. కాస్త లాగింది గానీ, ఎడ్లబండి జాడలో పడి ఆగిపోయింది. అప్పుడు ఆక్సిలరేటర్ తొక్కితే గొయ్యి లోతవుతుంది తప్ప బండి కదలదు. ఇంజిన్ ఆపి దిగాను. పార తెచ్చుకున్నాను. చక్రాల ముందు మట్టిని ఏటవాలుగా చెక్కాను. పక్క చేనులో పోయినేటి పత్తి కట్టె కుప్ప ఉంటే అడిగి రెండు మోపులు తెచ్చి చక్రాల కింద తొక్కించాను. టైర్లలో గాలి 32 నుంచి 18కి దించాను. గాలి తగ్గితే టైరు వెడల్పుగా పరుచుకుని నేలను ఎక్కువ మేర పట్టుకుంటుంది. తర్వాత 4ఎల్, రెండో గేరు, చక్రాలు తిన్నగా. క్లచ్ వదిలి కాలు పెడల్ మీద ఆనించానంతే. పత్తి కట్టె పటపట విరిగింది, బండి మనిషి నడిచినంత నెమ్మదిగా పైకి వచ్చింది. 4ఎల్ ఎందుకో ఆ నిమిషంలో కాలికి తెలిసింది.

మరుసటి వారమే బురదకూ రోడ్డుకూ పనికొచ్చే ఏటీ టైర్లు వేయించాను, 235/70 ఆర్16, ఒక్కోటి 9,200, నాలుగూ 36,800. నాలుగూ ఒకే రకం, ఒకే రోజు వేయించడం ముఖ్యం. చుట్టుకొలతలు తేడా ఉంటే 4హెచ్‌లో ఆ భారమంతా ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది. ఎండిన తారు రోడ్డు మీద 4హెచ్ వేయకూడదన్నదీ అందుకే. మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కంటే ఎక్కువ దూరం తిరగాలి. జారడానికి మట్టి లేకపోతే షాఫ్టులు మెలిపడతాయి.

22 జూన్

మళ్లీ వాన, అదే దారి, కొత్త టైర్లు, గాలి 22, మొదటి నుంచీ 4హెచ్. ఎక్కడా ఆగలేదు. వాగు దగ్గర దిగి, కర్రతో లోతు చూసుకుని, మోకాలి కింది దాకానే ఉందని తేలాకే దాటాను. పారే నీరు ఎర్రగా, వేగంగా ఉంటే మాత్రం ఎంత బండి అయినా ఆగాల్సిందే.

అమ్మ ముందు సీటులో కూర్చుంది. తిరుగు దారిలో నల్లరేగడి దాటేదాకా పైన పట్టీని రెండు చేతులా పట్టుకుని, తారు రోడ్డు ఎక్కగానే వదిలేసి, "ఇక ట్రాక్టరు పిలవకండి" అంది.

లెక్క: మెకానిక్ అన్న కూలి కాకుండా మొత్తం 4,78,860. చేతిలో 21,140. హైవే మీద లీటరుకు 12 దాకా, ఊళ్లో 10, తోట దారిలో 8 ఇస్తోంది. వెనక పక్కవాటు సీట్లలో పిల్లలను కూర్చోబెట్టడం లేదు, అవి మడిచి సామాను పెడుతున్నాం.

మిగిలిన పని అమ్మ కోసం మెట్టు. ఇప్పటికి డిక్కీలో చెక్క పీట పెట్టుకుని తిరుగుతున్నాం, దాని మీద కాలు పెట్టి ఎక్కుతోంది. పీట ఎత్తు కొలిచాను, తొమ్మిది అంగుళాలు. అంతే ఎత్తున మడిచే మెట్టు చేయమని వెల్డింగ్ షాపులో చెప్పాను, బురదలో తగలకుండా పైకి మడవాలి. వచ్చే నెల ఒకటిన డైరీలో పెద్దాయన ఆఖరి పంక్తి కింద నా ఏడో పంక్తి రాయాలి.