ఓస్తియా చివరి స్టాపు

రోమ్‌లో మొదటి మూడు రోజుల సంగతి వదిలేస్తున్నా. కొలోసియం, వాటికన్ గురించి మీరు బోలెడు చదివే ఉంటారు. చెప్పాల్సింది నాలుగో రోజు ఎక్కిన బస్సు గురించి.

రోమ్‌లోనే ఉన్న పాత పిరమిడ్ పక్కన పోర్తా సాన్ పావొలో స్టేషన్లో రైలెక్కితే సముద్రం ఒడ్డున ఉన్న ఓస్తియా అరగంట. టికెట్ ఒకటిన్నర యూరో. అంతకుముందే స్టేషన్ దగ్గర కుర్చీలో కూర్చుని కాఫీ తాగినందుకు నాలుగు యూరోలు గుంజారు. నిలబడి తాగితే అందులో సగం కూడా అయ్యేది కాదట. ఆ ఏడుపుతోనే రైలెక్కాను. చుట్టూ బీచ్‌కి వెళ్లే పిల్లలు, తువ్వాళ్లు, కేరింతలు. నేను వెళ్తున్నదేమో ఇటలీ కవి, సినిమా దర్శకుడు పసోలినీని చంపిన చోటు చూడటానికి.

ఓస్తియాలో దిగాక, ఆ చోటు ఉన్న ఇద్రోస్కాలో అనే పేటకి వెళ్లే బస్సు నలభై నిమిషాలకు గానీ రాలేదు. అందులో ఆరుగురం. పక్క సీట్లో కూరగాయల సంచితో ఒక ముసలావిడ. నాకు ఇటాలియన్ రాదు. ఫోన్లో బొమ్మ చూపించి "పసోలినీ?" అన్నాను. ఆవిడ బొమ్మను కాసేపు చూసి, గుండె మీద చెయ్యి వేసుకుని "పోవెరా మమ్మా" అంది. ఆమాత్రం అర్థమైంది. పాపం తల్లి.

నేను ఆలోచిస్తూ వచ్చింది పసోలినీ మీద పడ్డ నిందలు, కోర్టు కేసుల గురించి. 1949లో ఆయన్ని కమ్యూనిస్టు పార్టీ వెళ్లగొట్టింది. 1963లో ఒక చిన్న సినిమాలో మతాన్ని అవమానించాడని నాలుగు నెలల శిక్ష వేశారు. మరుసటి ఏడు ఆయనే క్రీస్తు కథ తీస్తే వెనిస్‌లో కాథలిక్ సంస్థే బహుమతి ఇచ్చింది. ఆ సినిమాలో సిలువ కింద కూలబడి ఏడ్చే మరియమ్మ ఎవరో కాదు, ఆయన సొంత తల్లి సుసన్నా. పదకొండేళ్లకు, 1975 నవంబర్ 2న, ఆవిడకు కొడుకు నిజంగానే పోయాడు. ఆ హత్యకు పదిహేడేళ్ల కుర్రాడికి శిక్ష పడింది. ముప్పై ఏళ్ల తర్వాత అతను నేను చంపలేదన్నాడు.

చివరి స్టాపులో దిగాం. నేను స్మారకం ఎటని అడగబోతే, ఆవిడ ముందు తన ఇల్లు చూపించింది. టైబర్ నది సముద్రంలో కలిసే చోట సొంతంగా కట్టుకున్న ఇళ్లు, రేకులు, ప్లాస్టిక్ కుర్చీలు. 2010లో కొన్ని కూల్చేశారట. నాకు మూసీ ఒడ్డు బస్తీలు గుర్తొచ్చాయి. పసోలినీ తన మొదటి సినిమా, 1961లో, ఇలాంటి రోమ్ శివారు బస్తీల మీదే తీశాడు. ఆ జనం అప్పటి నలుపు తెలుపులోనే ఉండిపోయారనుకున్నా. ఇదిగో, సంచిలో వంకాయలతో నా ముందు నిలబడి ఉన్నారు.

స్మారకం దగ్గర తెల్లటి రాయి, ఎండిన గడ్డి. ఐదు నిమిషాల్లో చూసేశాను. తిరుగు బస్సుకి యాభై నిమిషాలు కూర్చున్నాను. ఈసారి కాఫీ నిలబడే తాగాను.