మా వంటగది ప్లాన్ పెరటి వరండాలో మొదలైంది

మాది అంబాజీపేట దగ్గర ఒక పల్లెటూరు. ఉత్తరం వాకిలి ఇల్లు, దక్షిణం వైపు పెరడు, పెరట్లో కొబ్బరిచెట్లు, అరటి, ఒక కరివేపాకు చెట్టు. పాత వంటగదిలో గోడలకి చెమ్మ ఎక్కి, కింద అల్మరా తలుపులు ఉబ్బి మూతపడటం మానేశాక, ఇంక అతుకులు వెయ్యడం అనవసరం, మొత్తం తీసేసి కొత్తగా చేయించుకుందాం అని ఇంట్లో అందరం అనుకున్నాం. ఆ పనంతా మొదటినుంచి చివరిదాకా దగ్గరుండి చేయించాను కాబట్టి, మన వైపు ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళకి, పాత వంటగది మార్చుకుంటున్నవాళ్ళకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. మన గోదావరి జిల్లాల ఇళ్ళల్లో వంట పని సగం వంటగది బయటే జరుగుతుంది. చేపలు తోమడం, కొబ్బరికాయలు వలవడం, పనసకాయ కొట్టి పొట్టు తియ్యడం, ఆవకాయకి మామిడికాయలు కొట్టడం, సంక్రాంతికి అరిసెల పాకం పట్టడం, పెద్ద గిన్నెలు తోమడం, ఇవన్నీ వెనక వరండాలోనో పెరట్లోనో చేస్తాం. కానీ ప్లాన్ గీసేవాళ్ళెవరూ ఆ వరండాని లెక్కలోకి తీసుకోరు. మాకు కంప్యూటర్‌లో బొమ్మలు చూపించిన ఆయన కూడా లోపల మెరిసే తలుపులు, గాజు అల్మరాలు అన్నీ చూపించారు, బయట మాత్రం ఒక కుళాయి గీసి వదిలేశారు. డబ్బంతా లోపలికే పోయి, రోజూ నడుము విరిగే పని మాత్రం పాత పద్ధతిలోనే మిగిలిపోతుందని నాకు అనిపించింది. అందుకని ముందు వరండాకి ఏం కావాలో తేల్చుకున్నాం, ఆ తర్వాతే లోపలికి వచ్చాం.

మా ఇంట్లో నేను, అత్తయ్య ఇద్దరం వండుతాం. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, నేల మీద కూర్చోవద్దని డాక్టర్ గారు గట్టిగా చెప్పారు. అలాగని నిలబడి చాకుతో తరగమంటే ఆవిడ వల్ల కాదు. "చాకుతో నాకు చెయ్యి తిరగదే అమ్మాయ్, కత్తిపీట ముందు కూర్చుంటేనే నాకు పని తెములుతుంది" అన్నారు. నలభై ఏళ్ళుగా కత్తిపీట మీద కూర తరిగిన మనిషిని ఇప్పుడు మార్చుకోమనడం నాకు న్యాయంగా తోచలేదు. మేస్త్రి గారితో మాట్లాడి వరండాలో గోడవారగా 16 అంగుళాల ఎత్తు, 3 అడుగుల వెడల్పుతో ఒక అరుగు కట్టించాం, పైన నున్నటి గ్రానైట్ వేశాం. అత్తయ్య దాని మీద కూర్చుని ఒక కాలు మడిచి కత్తిపీట చెక్క మీద పెట్టి, రెండో కాలు కిందికి వదిలేస్తారు. కొబ్బరి కోరేటప్పుడు కత్తి చివర ఉన్న పళ్ళ కింద పళ్ళెం పెట్టుకుంటారు, అరుగు వెడల్పుగా ఉండటంతో పళ్ళెం కదలదు, కోరు కింద పడదు. లేచేటప్పుడు పట్టుకోవడానికి పక్క గోడకి ఒక స్టీలు కడ్డీ బిగించాం. మొత్తం పనిలో అన్నిటికంటే తక్కువ ఖర్చైనది ఇదే, రోజూ ఎక్కువ వాడేది కూడా ఇదే.

చేపలు తోమే చోటు గురించి మేస్త్రి గారు, ప్లంబరు, మా ఆయన తలో మాట చెప్పారు. చివరికి కుదిరింది ఇది: వరండా చివర 3 అడుగులు పొడవు, రెండున్నర అడుగులు వెడల్పు, చుట్టూ 4 అంగుళాల గట్టు, నేల మీద జారని గరుకు రాయి, నేల నుంచి అడుగున్నర ఎత్తులో కుళాయి. వాలు అడుగుకి పావు అంగుళం చొప్పున ఇచ్చారు. అంతకంటే తక్కువైతే నీళ్ళు నిలిచి వాసన వేస్తాయి. జాలీ కింద చేత్తో తీసే చిన్న స్టీలు బుట్ట ఉంది, పొలుసులు, రెక్కలు అందులో ఆగిపోతాయి, నీళ్ళు మాత్రం పైపులో అరటి పాదుల్లోకి పోతాయి. ఈ నీళ్ళు లోపలి సింకు పైపులో కలపొద్దని పట్టుబట్టాను, ఎందుకంటే పొలుసులు పైపు మలుపుల్లో పేరుకుంటే ఇల్లంతా నీచు వాసన వస్తుంది. పెద్ద వంటల కోసం పక్కనే 2 అడుగుల ఎత్తు తిన్నె ఒకటి కట్టించాం, గంగాళం పెట్టి గరిట తిప్పాలంటే పొయ్యి అంత కిందకే ఉండాలి. మామూలు వంటగట్టు ఎత్తులో పెడితే గంగాళం అంచు భుజాలదాకా వచ్చేస్తుంది, వేడి పాకం అంత ఎత్తులో తిప్పడం ప్రమాదం కూడా. జల్లు కొట్టకుండా పైన రేకు 3 అడుగులు ముందుకి జరిపించాం, తుఫాను గాలికి లేవకుండా బిగింపులు దగ్గర దగ్గరగా వేయించాం.

ఇక లోపలి గది. అది 8 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవు. చిన్నదని మా బంధువులు చాలామంది గోడ కొట్టి పెంచమన్నారు. నేను ఒప్పుకోలేదు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో మార్గరెటె షుటె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్ట్ కార్మికుల ఇళ్ళ కోసం గీసిన వంటగది దాదాపు 6 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవు మాత్రమే. వండే మనిషి అడుగులు లెక్కగట్టి, ఏది ఎక్కడుంటే నడక తగ్గుతుందో చూసి గీశారు, అలాంటివి వేలల్లో కట్టారు. ఆవిడ గురించి చదివాక నాకు ధైర్యం వచ్చింది. సింకు, స్టవ్, ఫ్రిజ్ మూడింటినీ కలుపుతూ గీత గీస్తే ఒక్కో వైపు 4 నుంచి 9 అడుగుల మధ్యలో ఉండాలని, మొత్తం 26 అడుగులు దాటకూడదని వంటగదులు గీసేవాళ్ళు ఒక లెక్క చెబుతారు. మాకు మొత్తం 18 అడుగుల దగ్గర వచ్చింది.

ఈ లెక్క కాగితం మీద తేలేది కాదు. పెరట్లో ఊడ్చి, ముగ్గుపిండితో గదిని అసలు కొలతల్లో గీశాం. స్టవ్ ఉన్నచోట ఒక స్టూలు, సింకు చోట బేసిను, ఫ్రిజ్ చోట నిలువుగా ఒక అట్టపెట్టె. తలుపులు తెరుచుకునే వైపు కూడా ముగ్గుతో గీశాం. తర్వాత నేను, అత్తయ్య ఇద్దరం పొద్దుటి ఇడ్లీ, చట్నీ, క్యారేజీల పని ఉత్తుత్తిగా చేసి చూశాం. నేను ఫ్రిజ్ తలుపు తీస్తే అత్తయ్య సింకు దగ్గరనుంచి కదలలేరని అప్పుడే తెలిసింది, ఫ్రిజ్ పడమటి గోడకి జరిపాం. ఇద్దరు వండే ఇంట్లో మధ్య దారి 4 అడుగులు ఉండాలి, మాకు నాలుగున్నర మిగిలింది. ఎవరైనా సరే మేస్త్రి పార పట్టకముందు ఈ పని తప్పకుండా చెయ్యండి.

వాస్తు ప్రకారం వంటగది ఆగ్నేయంలో, స్టవ్ తూర్పు ముఖంగా, సింకు ఈశాన్యం వైపు ఉండాలని అత్తయ్య కోరిక. మా గది ఉన్నది ఎటూ ఆగ్నేయంలోనే. తూర్పు గోడ పొడవునా గట్టు కట్టి, దక్షిణం చివర స్టవ్, ఉత్తరం చివర సింకు పెడితే ఆవిడ మాటా నిలిచింది, రెండింటి మధ్య తరుక్కోవడానికి మూడున్నర అడుగుల ఖాళీ గట్టూ దొరికింది. కిటికీ మాత్రం స్టవ్ ఎదురుగా కాకుండా సింకు పైన పెట్టించాను, లేకపోతే తూర్పుగాలికి మంట రెపరెపలాడుతుంది. చిమ్నీ పైపు స్టవ్ వెనక గోడలోంచి నేరుగా బయటికి పోతుంది. పైపు లేకుండా లోపలే గాలి తిప్పే రకాలు ఉన్నాయి, అవి ఆవిరిని బయటికి పంపలేవు, ఉక్కపోత ఎక్కువున్న మన వైపు వద్దు. చిమ్నీకి, స్టవ్‌కి మధ్య 26 నుంచి 30 అంగుళాలు ఉంచమంటారు, మేము 28 పెట్టాం.

గట్టు ఎత్తు విషయంలో అందరూ ఒకే కొలత చెబుతారు, వండే మనిషి ఎంత పొడవని అడగరు. నిటారుగా నిలబడి మోచెయ్యి మడిచి, నేల నుంచి మోచేతిదాకా కొలిచి, అందులోంచి 4 నుంచి 6 అంగుళాలు తీసెయ్యండి, తరుక్కునే గట్టు ఎత్తు అంతే. నా మోచెయ్యి 39 అంగుళాల దగ్గర, అత్తయ్యది 36 దగ్గర. అత్తయ్య అరుగు మీదే తరుగుతారు కాబట్టి నా కొలత చూసి గట్టు 33 పెట్టాం. స్టవ్ పెట్టేచోటు మాత్రం ఇంకో 3 అంగుళాలు దించాం, స్టవ్ ఎత్తు, దాని మీద గిన్నె ఎత్తు కూడా కలుస్తాయి కదా. ఇప్పుడు పులుసు మరుగుతుంటే అత్తయ్య మునివేళ్ళ మీద లేవకుండా గిన్నెలోకి చూడగలుగుతున్నారు. గట్టు కింద పాదాలు పట్టడానికి 4 అంగుళాల ఎత్తు, 3 అంగుళాల లోతు ఖాళీ వదిలించాం. అది లేకపోతే మనిషి ముందుకి వంగి నిలబడాల్సి వస్తుంది, నడుము నొప్పి అక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు చెమ్మ సంగతి. ధవళేశ్వరం నుంచి కాలవలకి నీళ్ళు వదిలారంటే మా నూతిలో నీళ్ళు పైకి వచ్చేస్తాయి, పాత గోడలు రెండు మూడు అడుగుల ఎత్తుదాకా చెమ్మ పీలుస్తాయి. మేస్త్రి గారు మొదటిరోజే "చెమ్మున్న గోడకి చెక్క ఆనించకండమ్మా, ఎంత ఖరీదు చెక్కైనా సరే, రెండు వానాకాలాలు ఆగదండి" అన్నారు. ఆయన మాటే విన్నాం. పాత ప్లాస్టరింగ్ చెమ్మ మరక పైదాకా గీకించి, వాటర్‌ప్రూఫ్ మందు కలిపి మళ్ళీ చేయించాం. గట్టు కింద అడ్డగోడలకీ అరలకీ చెక్క అసలు వాడలేదు, అన్నీ కడప బండలే. చెద పట్టదు, ఉబ్బదు, నీళ్ళు పడితే తుడిస్తే చాలు. తలుపులకి అల్యూమినియం ఫ్రేములు. గట్టు పైన మాత్రం కడప బండ వెయ్యకండి, అది సున్నపురాయి జాతి, నిమ్మరసం, చింతపండు పులుసు పడితే తెల్ల మచ్చలు పడతాయి, పైన నల్ల గ్రానైటే మంచిది. పై అల్మరాలకి ప్లైవుడ్ వాడాం. నీళ్ళకి ఆగేది కావాలంటే షీటు మీద ఐఎస్ఐ ముద్రతో ఐఎస్ 710 అనే ప్రమాణం నంబరు ఉండాలి, ఐఎస్ 303 దానికంటే ఒక మెట్టు కింద. కొట్లో అడిగితే రెండూ వాటర్‌ప్రూఫే అంటారు, నేను ప్రతి షీటు తిప్పి ముద్ర చూశాకే ఆటో ఎక్కించాను. చెక్కపొట్టు జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు అయితే చవగ్గా వస్తున్నా మన డెల్టాలో వంటగదికి తీసుకోకండి.

గ్యాస్ సిలిండర్ గట్టు కింద తలుపు వేసి దాచేస్తున్నారు చాలామంది. గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేల మీద పేరుకుంటుంది, అందుకని ఆ తలుపుకి కిందనే రంధ్రాలు ఉండాలి. మేము తలుపు బదులు జాలీ పెట్టించాం. సిలిండర్ ఎప్పుడూ నిలువుగానే, స్టవ్ దానికంటే పైనే ఉండాలి. రబ్బరు ట్యూబు గోడలోంచి లాగకూడదు, ఐదేళ్ళకి మార్చెయ్యాలి.

సామాను సర్దడంలో నేను పెట్టుకున్న పద్ధతి, బరువైనది నడుము దాటి పైకి వెళ్ళకూడదు. ఆవకాయ జాడీలు ఇదివరకు అటక మీద ఉండేవి, దించేటప్పుడల్లా టెన్షనే. ఇప్పుడు పడమటి గోడ అరల్లో, నడుము ఎత్తులో, స్టవ్‌కీ సింకుకీ దూరంగా ఉన్నాయి. బియ్యం బస్తాలు ఇప్పుడు 26 కిలోలవి వస్తున్నాయి, 25 కిలోల వరకు ప్యాక్ చేసిన బియ్యం మీద 2022లో జీఎస్టీ వేసిన దగ్గర్నుంచీ ఇంతే. ఆ బస్తా మొత్తం పట్టేలా చక్రాల డబ్బా ఒకటి కింద అరలోకి దూర్చాం. గిన్నెలకి అరల కంటే సొరుగులు నయం, వంగి వెనక్కి చెయ్యి పెట్టి వెతకక్కర్లేదు.

కరెంటు పాయింట్లు ఎన్ని కావాలో మీ దగ్గరున్న వస్తువులు వరుసగా రాసుకుని ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి. మిక్సీకి 6 ఆంప్స్ ప్లగ్ చాలు, 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ దాదాపు 9 ఆంప్స్ లాగుతుంది కాబట్టి దానికి 16 ఆంప్స్ పాయింటు ఉండి తీరాలి. వరండాలో గ్రైండర్‌కి కూడా ఒకటి పెట్టించాం, నీళ్ళు పడే చోటు కాబట్టి మూత ఉన్న బోర్డు వేయించాం. లైటు గది మధ్యలో ఒక్కటే ఉంటే మన నీడ మన చేతుల మీదే పడుతుంది, పై అల్మరా అడుగున సన్నటి లైటు బిగిస్తే తరిగేచోట వెలుగు సరిగ్గా ఉంటుంది. టైల్స్ వెయ్యకముందు మాత్రం ప్రతి గోడకీ టేపు ఆనించి, అంకెలు కనిపించేలా పైపులు, వైర్ల ఫోటోలు తీసి పెట్టుకోండి. మొన్న గరిటెల స్టాండు బిగించడానికి వచ్చిన అబ్బాయి డ్రిల్ పెట్టబోయిన చోట నీళ్ళ పైపుందని మాకు ఆ ఫోటోలో చూస్తేనే తెలిసింది.