దెబ్బతిన్న హార్డ్ డిస్క్‌ను బాగుచేయడమంటే

కిందపడిన హార్డ్ డిస్క్‌ను తెచ్చి "ఇది బాగవుతుందా?" అని ఎవరైనా అడిగితే, మీకు కావలసింది డిస్కా, అందులోని ఫొటోలా అని నేను ముందుగా అడుగుతాను. లోపలి భాగాలు దెబ్బతిన్న డిస్క్‌ను మళ్ళీ నమ్మి వాడుకోలేము. దానిచేత చివరిసారిగా చదివించి, అందినదంతా మరో డిస్క్‌లోకి తీసుకోవడమే ఇక్కడ బాగుచేయడం.

డెస్క్‌టాప్ కంప్యూటర్ల 3.5 అంగుళాల డిస్క్‌లలో చాలా వాటి పళ్ళేలు, అంటే సమాచారం రాసి ఉండే గుండ్రని బిళ్ళలు, నిమిషానికి 7200 సార్లు తిరుగుతాయి. అంటే వాటి అంచు గంటకు 120 కిలోమీటర్లకు పైగా వేగంతో కదులుతుంది. ఆ పళ్ళేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో, పలుచని గాలి పొర మీద, చదివే హెడ్ తేలుతూ ఉంటుంది. ఆ సందు ముందు ఒక ధూళి రేణువు దారికి అడ్డంగా పడిన బండరాయి వంటిది. డిస్క్ పడినప్పుడు హెడ్ వంగిపోవచ్చు, లేదా పళ్ళేనికి అతుక్కుపోవచ్చు. ఆ తరువాత వినిపించే టక్ టక్ శబ్దం, హెడ్ తన స్థానాన్ని గుర్తించలేక వెనక్కు వెళ్ళి మళ్ళీ ప్రయత్నిస్తున్నదనడానికి సూచన. "ఇంకొక్కసారి పెట్టి చూద్దాం" అని ఆన్ చేసిన ప్రతిసారీ, విరిగిన హెడ్ పళ్ళెం మీది అయస్కాంత పూతను గీకివేయవచ్చు. సమాచారం ఉన్నది ఆ పూతలోనే కనుక, గీసుకుపోయిన భాగాన్ని ఏ ప్రయోగశాలా తిరిగి ఇవ్వలేదు. అందువల్ల శబ్దం వినగానే వైరు తీసివేయడమే అన్నిటికంటే విలువైన మరమ్మతు అని నేను గట్టిగా నమ్ముతాను. ఫ్రీజర్‌లో పెట్టమనే సలహా ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. చల్లబడిన పళ్ళేల మీద తేమ చేరి ఉన్న ఆశ కూడా పోతుంది కనుక, దయచేసి ఆ పని చేయకండి.

అసలు తిరగకుండా, ఏ శబ్దమూ చేయకుండా ఉండిపోయిన డిస్క్ సంగతి వేరు. తప్పుడు అడాప్టర్ వల్లనో, కరెంటు హెచ్చుతగ్గుల వల్లనో డిస్క్‌కు బిగించి ఉండే ఎలక్ట్రానిక్ బోర్డు మాత్రమే కాలిపోయి ఉంటే పళ్ళేలు క్షేమంగా ఉండే అవకాశం ఎక్కువ. అయితే అదే మోడల్ బోర్డు కొని బిగిస్తే సరిపోతుందనే రోజులు పోయాయి. ఆ డిస్క్‌కు మాత్రమే చెందిన సర్దుబాటు విలువలు బోర్డు మీది చిన్న చిప్‌లో ఉంటాయి కనుక, చాలా మోడళ్ళలో ఆ చిప్‌ను ఊడదీసి కొత్త బోర్డుకు అతికించాలి. కొన్ని పోర్టబుల్ డిస్క్‌లలో సమాచారం బోర్డు ద్వారానే గుప్తీకరించబడుతుంది, అంటే ఆ బోర్డు లేకుండా చదవలేని రూపంలోకి మారుతుంది. కాబట్టి కాలిన బోర్డును ఎన్నడూ పారవేయకూడదు.

హెడ్‌లు మార్చడం ఇంటి బల్ల మీద జరిగే పని కాదు. సరిపోలే మరో డిస్క్ నుంచి హెడ్‌లను తీసి, ధూళిని వడగట్టిన గాలిలో, అవి ఒకదానికొకటి తగలకుండా ప్రత్యేక పరికరంతో పట్టి దించాలి. అవి ఎంతకాలం పనిచేస్తాయో చెప్పలేము కనుక, ముందుగా సులువుగా చదవగలిగే భాగాలను కాపీ చేసుకుని, మొరాయించే చోట్లను చివరి కోసం ఉంచుతారు. డీడీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అనుసరించేదీ ఈ పద్ధతినే. హెడ్‌లు బాగుండి, కొన్ని సెక్టార్లు (పళ్ళెం మీద సమాచారం రాసే చిన్న చిన్న గడులు) మాత్రమే చెడిన డిస్క్‌కు దాన్ని ఇంట్లోనే వాడుకోవచ్చు.

పళ్ళేలు నిలిస్తే ఎంత సాధ్యమో కొలంబియా అంతరిక్ష నౌక డిస్క్ చూపించింది. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురిని బలిగొన్న ఆ ప్రమాదంలో నేలరాలిన శిథిలాలలో, జెనాన్ వాయువు స్నిగ్ధత (చిక్కదనం)పై చేసిన ప్రయోగపు డిస్క్ ఒకటి కాలి, రూపు మారి దొరికింది. సమాచారం రాసి ఉన్న భాగం పెద్దగా చెడకపోవడంతో, పళ్ళేలను శుభ్రం చేసి మరో డిస్క్‌లో అమర్చి, క్రోల్ ఆన్‌ట్రాక్ సంస్థ నిపుణులు దాదాపు 99 శాతం సమాచారాన్ని బయటికి తీశారు. ఆ ప్రయోగ ఫలితాలు 2008లో ప్రచురితమయ్యాయి. ఆకాశం నుంచి పడిన డిస్క్‌లో మిగిలినది, బల్ల మీద నుంచి పడి, ఆ తరువాత గంటల తరబడి టక్ టక్‌మంటూ తిప్పబడిన డిస్క్‌లో మిగలకపోవచ్చు.