వసైలో పుట్టి, నాగసాకిలో సిలువెక్కిన బ్రదర్

గొన్సాలో గార్సియా మన దేశంలో పుట్టి, కతోలిక సభలో పునీత పట్టం (సెయింట్ హోదా) పొందిన మొదటి వ్యక్తి. 1862లోనే ఆ పట్టం ఇచ్చారు. అయినా మన విచారణల్లో, అంటే మన చర్చిల్లో, ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువ. ఆయన ఫాదర్ కాదు, ఫ్రాన్సిస్కన్ సన్యాసుల సభలో లే బ్రదర్, అంటే గురుపట్టం లేని సన్యాసి. పూజ చేయడు, పాపసంకీర్తనం (పాపాలు ఒప్పుకోవడం) వినడు.

ముంబై పక్కన వసైలో పోర్చుగీసు తండ్రికీ స్థానికురాలైన తల్లికీ పుట్టాడు. చిన్నతనంలోనే యేసుసభ (జెస్యూట్) గురువుల వెంట జపాన్ వెళ్లి, వాళ్లకి తోడుగా మతం బోధించే ఉపదేశిగా పనిచేసి, ఆ భాష బాగా నేర్చుకున్నాడు. తర్వాత కొన్నాళ్లు వ్యాపారం చేశాడు. అది వదిలేసి మనీలాలో ఫ్రాన్సిస్కన్ సభలో చేరాడు. 1593లో పేద్రో బాప్తిస్త అనే గురువు రాయబారిగా జపాన్ వెళ్తుంటే దుబాసీగా ఈయన్నే తీసుకెళ్లారు. ఎదురుగా కూర్చున్నది జపాన్‌ని ఏలుతున్న హిదెయోషి. మతబోధకులు దేశం వదిలిపోవాలని 1587లోనే ఆజ్ఞ వేసినవాడు. ఆయన ముందు అందరి తరఫునా మాట్లాడాల్సింది ఈ బ్రదరే.

ఇక్కడే నాకు మా తాతయ్య గుర్తొస్తాడు. గుంటూరు వైపు పల్లెల్లో ఆయన ఉపదేశి. విదేశీ ఫాదర్‌గారు సగం తెలుగులో చెప్పి ఆగితే, మిగతా సగం ఈయన అందుకునేవాడట. ఫాదర్‌గారికి కుర్చీ వేసేవాళ్లు, తాతయ్య పక్కన నిలబడేవాడు. ఊళ్లో ఎవరికైనా కోపమొస్తే ముందు తిట్లు తినేది కూడా ఆయనే.

1596లో సాన్ ఫెలిపె అనే స్పెయిన్ ఓడ జపాన్‌లోని తోసా తీరంలో చిక్కుకుంది. ఆ ఓడ గొడవతో, మతబోధకుల వెనకే స్పెయిన్ సైన్యం వస్తుందేమోనని హిదెయోషికి అనుమానం ముదిరింది. డిసెంబరులో బ్రదర్లనీ గురువులనీ, వాళ్లతో ఉన్న మామూలు క్రైస్తవులనీ పట్టుకున్నారు. క్యోటోలో అందరి ఎడమ చెవీ కొంత కోసి, బండ్లలో ఊరేగించారు. అక్కణ్ణుంచి చలికాలంలో నాగసాకి దాకా నడిపించారు. వాళ్లలో పన్నెండేళ్ల లూయిస్ ఇబరాకి కూడా ఉన్నాడు. ఆ పసివాడి చెవి దగ్గరికొచ్చేసరికి నేను చదవడం ఆపేస్తాను, ప్రతిసారీ.

1597 ఫిబ్రవరి 5న నిషిజాకా కొండ మీద 26 మందినీ సిలువలకు కట్టి, రెండు పక్కల నుంచీ ఈటెలతో పొడిచారు. గొన్సాలోకి అప్పటికి నలభై ఏళ్లుంటాయి.

ఫిబ్రవరి 6న ఆయన పండుగ. ఈసారి ఆ రోజు పూజలో చనిపోయిన ఉపదేశుల కోసం ప్రార్థించమని మా ఫాదర్‌గారిని అడిగాను. పేర్లు రాసిమ్మన్నారు. తాతయ్య పేరుతో మొదలుపెట్టాను.