లినక్స్ ఇన్‌స్టాలర్‌కి ఎస్‌ఎస్‌డీ కనిపించట్లేదా?

పార్టిషన్ పేజీలో పెన్‌డ్రైవ్ ఒక్కటే కనిపిస్తే చాలామంది మొదట ఎస్‌ఎస్‌డీనే అనుమానిస్తారు. పాపం, దాని తప్పేం ఉండదు. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ల్యాప్‌టాప్‌లలో ఎన్‌వీఎంఈ డ్రైవ్ (ఇప్పటి వేగవంతమైన ఎస్‌ఎస్‌డీ రకం) తరచూ వీఎండీ, అంటే 'వాల్యూమ్ మేనేజ్‌మెంట్ డివైజ్' అనే ఇంటెల్ స్టోరేజ్ కంట్రోలర్ చాటున ఉంటుంది. లైవ్ సెషన్‌లో (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్‌లో) టెర్మినల్ తెరిచి ఎల్ఎస్‌పీసీఐ (lspci) అనే కమాండ్ కొట్టండి. 'వాల్యూమ్ మేనేజ్‌మెంట్ డివైజ్' అన్న లైను ఉంటే దొంగ దొరికినట్టే.

కొత్త కెర్నల్ (లినక్స్ మూల భాగం) ఉన్న ఐఎస్‌ఓతో, అంటే ఇన్‌స్టాలర్ ఫైల్‌తో, ఒక్కోసారి ఏమీ మార్చకుండానే డ్రైవ్ కనిపిస్తుంది, ముందు అది చూడండి. లేదంటే బయోస్‌లో వీఎండీ ఆపాలి. చాలా ఏసర్ మోడళ్లలో ఆ ఆప్షన్ దాక్కుని ఉంటుంది, మెయిన్ ట్యాబ్‌లో కంట్రోల్+ఎస్ నొక్కితే బయటపడుతుంది.

విండోస్ కూడా ఉంచుకోవాలంటే మాత్రం తొందరపడొద్దు. నేరుగా వీఎండీ ఆపేస్తే బూట్ సమయంలో తగిన డ్రైవర్ లోడ్ కాక బ్లూ స్క్రీన్ వస్తుంది. ముందు బిట్‌లాకర్ (విండోస్ డ్రైవ్‌కి వేసే ఎన్‌క్రిప్షన్ తాళం) రికవరీ కీ రాసిపెట్టుకోండి. విండోస్‌లోని ఎంఎస్‌కాన్ఫిగ్ (msconfig) టూల్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్ అవుతుండగానే బయోస్‌కి వెళ్లి మార్చండి. సేఫ్ మోడ్‌లో ఒకసారి లాగిన్ అయితే విండోస్ సర్దుకుంటుంది, అప్పుడు టిక్ తీసేయండి. అక్కడ పిన్ పనిచేయకపోవచ్చు, పాస్‌వర్డ్ తెలిసుండాలి. రెండు డ్రైవ్‌లు రెయిడ్‌గా (ఒకే డ్రైవ్‌లా పనిచేసేలా) కట్టి ఉంటే వీఎండీ జోలికే పోవద్దు, డేటాకే ఎసరు.